దర్శనం ప్లేట్లు

తాడేపల్లిగూడెంలో ఉండే మా పెద్దత్తగారికి నా ఉద్యోగం చివరి వరకూ నచ్చలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి అడిగారు, "ఏమ్మా, ఆ ఏలూరు కాలేజీలో నువ్వు చేసే పనేంటి?" అని.

"కేన్సర్ కణాల్ని పెంచుతానండి" అన్నాను.

ఆవిడ చేతిలో చాట పక్కన పెట్టి నా వంక చూశారు. "పెంచడానికి జీతం ఇత్తన్నారా? తగ్గించేవాళ్ళకి కదమ్మా ఇవ్వాలి."

ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ గట్టి సమాధానం లేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను కేన్సర్‌ను మేపాను. వేళకు తిండి పెట్టాను, వెచ్చగా పడుకోబెట్టాను, బూజు పడితే బెంగపెట్టుకున్నాను. ఇంట్లోవాళ్ళకు అందులో సగం సేవ కూడా జరగలేదని మావారు అంటూ ఉంటారు. ఇప్పుడు రిటైరయ్యాను కాబట్టి, ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు పనికొస్తుందేమోనని ఇది రాస్తున్నాను. ఎవరికి ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎవరి కుర్చీ ఎవరు లాగారు లాంటివి ఇందులో ఉండవు. అవి అన్ని ఆఫీసుల్లోనూ ఒకటే. మా ల్యాబులో కాలవల్లో పెరిగే గుర్రపుడెక్క కలుపు కేన్సర్‌ను కుదిర్చేసిన ఏడాది గురించి మాత్రం చెబుతాను. ఆ కుదర్చడంలో ఒక మనిషి ప్రాణం మీదకు వచ్చింది.

ఉండ కథ

మొదట్లో మేం కణాలను ప్లాస్టిక్ డిష్ అడుగున పెంచేవాళ్ళం. అవి అడుగుకు అంటుకుని అప్పడాల్లా పరుచుకునేవి. వాటి మీద ఏ మందు పోసినా చచ్చేవి. ఉప్పు కాస్త ఎక్కువైనా చచ్చేవి. దాంతో దేశంలో ప్రతి ల్యాబులోనూ వారానికో కేన్సర్ మందు పుట్టేది. పుట్టినవన్నీ ఏమయ్యాయని ఎవరూ అడిగేవారు కాదు.

ఒంట్లో గడ్డ అప్పడంలా ఉండదు కదా. దానికి పైపొర ఉంటుంది, లోపలి భాగం ఉంటుంది. లోపలి కణాలకు గాలీ సరిగా అందదు, మందూ సరిగా అందదు. అందులోనూ కొన్ని కణాలు మరీ మొండివి. మందు దెబ్బకు మిగతావన్నీ పోయినా ఇవి కిక్కురుమనకుండా కూర్చుని, అంతా సద్దుమణిగాక గడ్డను మళ్ళీ మొలిపిస్తాయి. వీటినే కేన్సర్ మూలకణాలంటారు. కొల్లేటి ప్రాంతం మనిషికి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. కాలవలో గుర్రపుడెక్క అంతా లాగి గట్టు మీద పోసినా, నీళ్ళలో ఒక్క ముక్క మిగిలితే చాలు, మళ్ళీ కాలవంతా అదే.

ఆ మొండివాటిని పట్టుకోవడానికి వచ్చిందే త్రీడీ కల్చర్. ఇందులో పద్ధతులు చాలా ఉన్నాయి. కణాలను జెల్లులో పాతిపెట్టి పెంచవచ్చు. మూత లోపలివైపు చుక్కలు పెట్టి, ఆ చుక్కల్లో తలకిందులుగా వేలాడదీసి పెంచవచ్చు. మేం ఎక్కువగా చేసింది మూడోది. ప్లేటు గుంటల అడుగున ఏదీ అంటుకోని పూత పూస్తాం. కాలు మోపే చోటు దొరక్క మామూలు కణం చచ్చిపోతుంది. మూలకణం మాత్రం ఒంటరిగా తేలుతూ బతికి, ఒకటి రెండై, రెండు నాలుగై, ఉండ కడుతుంది. ఒక ఉండ ఉంటే ఒక మూలకణం ఉన్నట్టు లెక్క.

ఈ లెక్క నిలవాలంటే ఆ ఉండ ఒక్క కణం నుంచే పుట్టాలి. దారిన పోయే కణాలు నాలుగు కలిసి ఒకదాన్నొకటి పట్టుకున్నా అదీ గుండ్రంగానే కనబడుతుంది. అది సంతానం కాదు, సంత. అందుకని కణాలను పలచగా చల్లాలి, చల్లాక ప్లేటును కదపకూడదు. ఈ రెండో మాట గుర్తుపెట్టుకోండి. మా డైరెక్టరు గారు పెట్టుకోలేదు.

సుగుణ, ఐసు దిమ్మ

ఆ రోజుల్లో నా దగ్గర పీహెచ్‌డీకి చేరిన అమ్మాయి సుగుణ. పెదపాడు పిల్ల. వాళ్ళ నాన్నగారు చర్చి బడిలో లెక్కల మాస్టారు. ఆ ఇంట్లో ఆదివారం ప్రార్థన ఎంత ఖాయమో, రోజూ ఎక్కాలూ అంత ఖాయం. తప్పు లెక్కను తప్పు అని చెప్పేటప్పుడు కూడా ఆ పిల్ల "ఏమనుకోకండి మేడమ్" అని మొదలుపెట్టేది.

జెల్లు పద్ధతికి ఐసు కావాలి. ఆ జెల్లు చల్లగా ఉన్నంతసేపే నీళ్ళలా ఉంటుంది, గది వేడి తగిలిందా గడ్డకట్టి కూర్చుంటుంది. మా ఐసు మిషను వేసవి రాగానే సెలవు పెట్టేది. అలాంటి ఒకరోజు సుగుణ స్కూటీ వేసుకుని చేపల వ్యాపారులు కొనే ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళింది. అక్కడ గుమాస్తా, "చేపకాండీ, రొయ్యకాండీ?" అని అడిగాడట. ఈ పిల్లకు అబద్ధం రాదు. "కేన్సర్‌కండి" అంది. ఆయన లోపలికి వెళ్ళి, తెల్లటి దిమ్మ ఒకటి ఏరి, కప్పిన ఊక దులిపి తెచ్చి తనే స్కూటీ మీద పెట్టాడట. ఆ వారమంతా మా ల్యాబు చేపల మార్కెట్ వాసన కొట్టింది. ప్రయోగం మాత్రం కుదిరింది.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మీరు చేరబోయే ల్యాబుల్లో గోడలు తెల్లగా, ఫొటోల్లో బాగా కనబడేట్టుగా ఉంటాయి. పని మాత్రం ఊక దులిపిన ఐసు దిమ్మల మీద నడుస్తుంది.

డైరెక్టరు గారి హారతి

మా డైరెక్టరు గారు మంచి వక్త. చేతివేళ్ళు కూడా మాట్లాడతాయి ఆయనకు. ఒకప్పుడు మంచి సర్జను అనే పేరు ఉండేది. ల్యాబు ఆయన చేతికి వచ్చాక కత్తి పక్కన పెట్టి మైకు పట్టుకున్నారు. కణాల గురించి ఆయనకు తెలిసింది కొంచెం. ఆ కొంచెమూ గుండ్రంగా ఉండటం ఆయనకు బాగా నచ్చింది.

మా కాలేజీకి వచ్చేపోయేవాళ్ళు ఎక్కువ. యాజమాన్యం వారి బంధువులు, రకరకాల క్లబ్బుల అధ్యక్షులు, ఎన్నికలు దగ్గరపడితే నాయకులు, బస్సుల్లో స్కూలు పిల్లలు. వచ్చిన ప్రతివారికీ మా ల్యాబు చూపించడం ఆనవాయితీ. చెప్పులు బయట విప్పాలి అనే సరికి సగం మందికి భక్తి వచ్చేసేది. గౌను తొడిగి, టోపీ పెట్టి, వరసగా నిలబెట్టాక డైరెక్టరు గారు ఇంక్యుబేటరు తలుపు తీసేవారు. లోపల వెచ్చటి అరల్లో ప్లేట్లు. ముందు అరలోంచి ఒకటి తీసి, వెలుతురులోకి ఎత్తి, మణికట్టుతో గుండ్రంగా తిప్పేవారు. అచ్చంగా హారతి పళ్ళెం తిప్పినట్టే. తిప్పితే ఉండలన్నీ గుంట మధ్యకు చేరి, చుక్కలా కంటికి కనబడతాయి. టీ గ్లాసు తిప్పితే అడుగున పొడి మధ్యకు చేరుతుంది చూడండి, అలాగ.

"ఇవే కేన్సర్‌కు మూలం" అనేవారు గొంతు తగ్గించి. ఒకావిడ ప్లేటు మూత తాకి చెయ్యి కళ్ళకద్దుకున్నారు. ఒక పాస్టరు గారు తలవంచి ప్రార్థన చేశారు. రోగి కోసమో, కణాల కోసమో నేను అడగలేదు.

"అలా తిప్పకూడదండి, కలిసిపోతాయి" అని నేను మొదట్లో చెప్పాను.

"విజయగారూ, కనబడని సైన్సుకు ఎవరు విరాళం ఇస్తారండీ?" అన్నారాయన నవ్వుతూ. అందరూ నవ్వారు. జీతాలు ఆ విరాళాల్లోంచే వస్తాయి కాబట్టి కాస్త గట్టిగానే నవ్వారు.

గుర్రపుడెక్క దిగుమతి

ఆ ఏడాది ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. కొల్లేట్లో, ఏలూరు కాలవల్లో ఎక్కడ చూసినా గుర్రపుడెక్కే. పీకినకొద్దీ వస్తుంది. దాని వేళ్ళ రసంలో కేన్సర్ మూలకణాలను అణిచే గుణం ఉండవచ్చు కదా అన్నారు. ఉండవచ్చు. మన పెరట్లో తోటకూరలోనూ ఉండవచ్చు. చూస్తే తప్పేమీ లేదు కాబట్టి సుగుణ థీసిస్‌లో అదొక అధ్యాయంగా పెట్టాం.

కణాలు ఎవరివంటే, మా కాలేజీ ఆసుపత్రిలో రొమ్ములో గడ్డకు ఆపరేషన్ చేయించుకున్న నాగమణివి. కైకలూరు దగ్గర చేపల చెరువు గట్టు మీద ఆమె కాపురం. భర్త వీర్రాజు ఆ చెరువుకు కాపలా. గడ్డలో ముక్క మాకు ఇవ్వడానికి ఒప్పుకున్న రోజు నేనే ఆమెతో మాట్లాడాను. నమూనా మీద పేరు ఉండకూడదు, నంబరే ఉండాలని నియమం. ఆ నంబరు ఎవరిదో మా ఆసుపత్రిలో క్యాంటీన్ వాళ్ళతో సహా అందరికీ తెలుసు.

"తీసినాక దాన్ని పారేత్తారనుకున్నానండి" అంది నాగమణి.

"కొంచెం ఉంచుకుని పెంచుతామమ్మా."

అచ్చం మా పెద్దత్తగారు చూసినట్టే చూసింది. తర్వాత నవ్వింది. "పెంచండి మరి. మేం చేపల్ని పెంచుతాం, మీరు దీన్ని పెంచండి. మేత మటుకు నాది కాదు కదండీ" అంది. ఆమె నాకు అప్పుడే నచ్చింది.

ప్రయోగం మొదలైంది. సగం ప్లేట్లలో గుర్రపుడెక్క రసం, సగంలో ఏమీ వేయలేదు. రసం వేసినవి వెనక అరలో పెట్టమని డైరెక్టరు గారి ఆజ్ఞ. అది రహస్యం, బయటివాళ్ళ కంట పడకూడదు అన్నారు. వేయనివి ముందు అరలో, దర్శనానికి. కొన్ని రోజులు గడిచాక చూస్తే ముందు అరలో ఉండలు పెద్దపెద్దవి, బలిసినవి. వెనక అరలో చిన్నవి, ఆవగింజల్లా ఉన్నాయి. సుగుణ మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. ఉండలు ఎన్ని ఉన్నాయో కూడా లెక్కపెట్టనివ్వండని నేను అడిగితే, "సైజు చాలు, సైజే కదండీ జనానికి అర్థమయ్యేది" అన్నారు.

వ్యాసం పత్రికకు పంపకముందే విలేకరులను పిలిచారు. మర్నాడు జిల్లా పేజీలో ఆయన ఫొటో వచ్చింది, చేతిలో ప్లేటుతో. కొల్లేటి కలుపుతో కేన్సర్‌కు కళ్ళెం అని శీర్షిక. ఎలుకకు కూడా ఇంకా ఇవ్వని మందు అని లోపల చివరి వాక్యంలో ఉంది. చివరి వాక్యం దాకా చదివే ఓపిక మన జిల్లాలో ఎవరికుందండీ.

డైరెక్టరు గారు ఊళ్ళో లేని వారం

ఆ తర్వాత డైరెక్టరు గారు ఏదో సభకు ఢిల్లీ వెళ్ళారు. ఆయన లేకపోతే సందర్శకులూ రారు. ల్యాబు ప్రశాంతంగా ఉంది. సుగుణ మామూలుగా ప్రయోగం పెట్టింది. వారం చివర నా గది గుమ్మంలో నిలబడింది.

"ఏమనుకోకండి మేడమ్. మందు పనిచేయడం మానేసిందండి."

వెళ్ళి చూశాను. ముందు అరలోవీ ఆవగింజలే, వెనక అరలోవీ ఆవగింజలే. నాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత జిల్లా పేజీలో ఫొటో గుర్తొచ్చింది. గుర్రపుడెక్క ఏ పాపమూ ఎరగదు. మందు పనిచేయాలంటే డైరెక్టరు గారు ఊళ్ళో ఉండాలి. ఆయన ముందు అరలో ప్లేట్లను రోజూ హారతి తిప్పుతున్నారు. ఉండలు మధ్యకు చేరి ఒకదానికొకటి అతుక్కుని పెద్దవవుతున్నాయి. వెనక అరలో వాటిని ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి చిన్నవిగానే ఉన్నాయి. ఇదీ మా కేన్సర్ మందు.

"అయితే నా థీసిస్ అధ్యాయం పోయినట్టేనాండి?" అంది సుగుణ.

"పోయింది. అబద్ధం అధ్యాయం పోతే మంచిదే కదమ్మా."

"మంచిదేనండి" అని వెళ్ళిపోయింది. కాసేపటికి స్టోర్‌రూములోంచి ముక్కు చీదిన శబ్దం వినిపించింది. నేను వెళ్ళలేదు. ఏడవనిచ్చాను. అలాంటి ఏడుపుకు ఓదార్పు చెప్పేవాళ్ళంటే నాకు చిరాకు.

ఢిల్లీ నుంచి రాగానే డైరెక్టరు గారికి చెప్పాను. విన్నారు. ఇంక్యుబేటరులో వేడి సరిగా లేదేమో చూడమన్నారు. అది సరిగానే ఉందన్నాను. నీళ్ళు మార్చమన్నారు. మార్చాం అన్నాను. చివరకు, "మీరు కణాల మనిషి, నేను జనాల మనిషిని. పేపర్లో వచ్చాక ఇప్పుడు కాదంటే కాలేజీ పరువేమవుతుంది?" అన్నారు. ఇంక ఆయనతో వాదించి లాభం లేదని తెలిసింది. గోడకు చెబితే కనీసం తిరిగి ఉపన్యాసం ఇవ్వదు.

పిల్లలూ, ఇక్కడ ఒక్క మాట. మీకు వచ్చిన ఫలితం మీ బాసు ఊళ్ళో లేనప్పుడు కూడా రావాలి. రాకపోతే మీరు పరీక్షించింది మందును కాదు, బాసును.

అరలు మారాయి

అందుకని బాసునే పరీక్షించాలనుకున్నాం. సుగుణ కొత్త ప్లేట్లు పెట్టింది. ఈసారి గుర్రపుడెక్క రసం వేసినవి ముందు అరలో పెట్టమన్నాను. వేయనివి వెనక. ప్లేటు అడుగున చీటీలు అంటించాం. డైరెక్టరు గారికి అడుగు చూసే అలవాటు లేదు. అరలు మార్చిన సంగతి ఆయనకు చెప్పలేదు. మోసం అంటారేమో, అనండి. మందు వేసిందేదో, వేయనిదేదో చూసేవాడికి తెలియకుండా పెట్టడమే సరైన పద్ధతని పాఠ్యపుస్తకాల్లోనే ఉంది.

అదృష్టం కొద్దీ ఆ వారం సందర్శకులు బాగా వచ్చారు. డైరెక్టరు గారు ఉత్సాహంగా ఉన్నారు. రోజూ తలుపు తీశారు, ముందు అరలో ప్లేట్లు తీశారు, హారతి తిప్పారు. నేను పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఈసారి ఆపలేదు. సుగుణ అయితే వచ్చినవాళ్ళకు గౌన్లు తనే తొడిగింది.

వారం నిండే రోజున మధ్యాహ్నం నాగమణి వచ్చింది. తలకు చీర కొంగు చుట్టుకుని ఉంది. పక్కన వీర్రాజు, చేతిలో స్టీలు క్యాను. కీమోకు వచ్చారనుకున్నాను.

"లేదండి. అది మానేశానండి" అంది.

"ఎందుకు?"

"అది చేయించుకున్న రోజున మనిషిని కానండి నేను. నోట్లో మెతుకు నిలవదు. పేపర్లో ఏశారు కదండీ, మన కొల్లేటి మందు వత్తందని. నా గడ్డ మీదే చేశారంట కదండీ. అదొచ్చేదాకా ఆగుదామని."

వీర్రాజు క్యాను కొంచెం ఎత్తి చూపించాడు. "ఊరికే ఎందుకు ఆగడమని గుర్రపుడెక్క ఏళ్ళు కాచి పోత్తన్నానండి. డ్రైను పక్కన బాగా బలిసిందుందండి. రోజూ పొద్దున్నే."

ఊరు మురికంతా, చెరువుల్లో పోసే మందులన్నీ ఆ డ్రైన్లలోకే పోతాయి. వాటిని పీల్చి వేళ్ళలో దాచుకోవడంలో గుర్రపుడెక్కను మించింది లేదు. దాన్ని కాచి ఈమెకు ప్రేమగా పోస్తున్నాడు. కీమో మధ్యలో ఆపితే ఆ మొండి కణాలు ఏం చేస్తాయో నాకు తెలుసు. రోజూ వాటికి నేనే కదా మేత పెట్టేది. అంత కోపం నాకు ఉద్యోగంలో ఎప్పుడూ రాలేదు.

నేను నోరు తెరిచేలోగా డైరెక్టరు గారే వరండాలోంచి వచ్చారు. పేపరు చదివి వచ్చిన రోగి అని విని ఆయన మొహం వెలిగింది.

"మీ కణాలేనా అమ్మా? రండి, రండి. మీకు చూపించకపోతే ఇంకెవరికి చూపిస్తాం?"

నేను అడ్డం వెళ్ళలేదు. సుగుణ వంక చూశాను. ఆ పిల్ల ఇంక్యుబేటరు తలుపు తీసింది.

ఆయన ముందు అరలో ప్లేటు తీసి, అలవాటు ప్రకారం తిప్పి, మైక్రోస్కోపు కింద పెట్టారు. తెర మీద ఉండలు కనబడ్డాయి. ద్రాక్షగుత్తుల్లా ఒకదాన్నొకటి పట్టుకుని, లావుగా ఉన్నాయి. నాగమణి కొంగు బిగించుకుంది.

"ఇది మందు వేయనిదమ్మా. చూడండి ఎలా బలిసిందో" అన్నారు. తర్వాత వెనక అరలోది తెచ్చి పెట్టారు. "ఇది మన మందు వేసింది. ఎలా ముడుచుకుపోయిందో చూశారా?"

నాగమణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వీర్రాజు క్యానును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"సుగుణా, చీటీలు చదువమ్మా" అన్నాను.

సుగుణ మొదటి ప్లేటు ఎత్తి అడుగు చూసింది. "ఏమనుకోకండి సార్. బలిసిందేమో మందు వేసిందండి. ముడుచుకున్నదానిలో ఏమీ వేయలేదండి."

డైరెక్టరు గారు రెండు ప్లేట్లనూ చూశారు. జీవితంలో మొదటిసారి వాటి అడుగు కూడా చూశారు. "చీటీలు తారుమారయ్యాయి" అన్నారు.

"లేదండి. నేనే అంటించానండి. అరలు కూడా నేనే మార్చానండి." సుగుణ అక్కడితో ఆగలేదు. "మందు వేసినా వేయకపోయినా మీరు తిప్పిన ప్లేటే పెరుగుతుందండి."

నాగమణికి అర్థమైనంత అర్థమైంది. మాలో ఎవరిని అడగాలో తెలియక ముగ్గురినీ చూసి, నన్ను అడిగింది. "అంటే, ఆ కషాయం తాగితే నా గడ్డ పెరుగుద్దాండి?"

"అదీ తెలియదమ్మా. పెరుగుతుందో తెలియదు, తగ్గుతుందో తెలియదు. మాకు ఏమీ తెలియదు. తెలిసినట్టు చెప్పాం."

"మరి పేపర్లో ఏశారు కదండీ" అంది.

డైరెక్టరు గారి వేళ్ళు కూడా మాట్లాడలేదు. వీర్రాజు వెళ్ళి సింకులో క్యాను వంచేశాడు. ఆకుపచ్చగా చాలాసేపు పారింది.

"సూదులు మానేసినందుకు అక్కడ తిడతారాండి?" అని నాగమణి మెల్లగా అడిగింది. చావుకంటే ముందు నాగమణికి భయం తిట్లంటే.

నేను జవాబు చెప్పేలోగా డైరెక్టరు గారు ఫోను తీశారు. కీమో వార్డుకు చేసి, "ఇప్పుడు నాగమణి అని ఒకామె వస్తుంది. మధ్యలో మానేసింది. ఆమెను ఒక్క మాట అన్నారంటే ఊరుకోను. తప్పు ఆమెది కాదు" అన్నారు. ఎవరిదో చెప్పలేదు. అయినా ఆయనకు అక్షింతలు వేస్తూ ఇన్ని పేజీలు రాసిన నేను, ఆ ఫోను సంగతి రాయకపోతే న్యాయం కాదు.

తర్వాతి సంగతులు

పేపరువాళ్ళు సవరణ వేశారు. లోపలి పేజీలో, రొయ్యల మేత ప్రకటన కింద, రొయ్య మీసమంత. దెందులూరు వైపు కొందరు ఆ కషాయం ఇంకా తాగుతున్నారని ఈ మధ్య కూడా విన్నాను. శీర్షిక వెళ్ళినంత దూరం సవరణ వెళ్ళలేదు.

డైరెక్టరు గారి సంగతి అడుగుతారేమో. ఆయన బాగానే ఉన్నారు. ప్లేటును కదిలిస్తే ఉండలు కలిసిపోయి తప్పుడు ఫలితాలు వస్తాయనే అంశం మీద ఇప్పుడు ఊరూరా ఉపన్యాసాలు ఇస్తున్నారు. చాలా బాగా ఇస్తున్నారట. తను కనిపెట్టిన సంగతి కదా. మనవాళ్ళకు తప్పు చేసినవాడే దాని మీద నిపుణుడు. సుగుణ థీసిస్‌లో పోయిన అధ్యాయం చోట ఆ అరల మార్పిడి ప్రయోగమే చేరింది. పరీక్షకు వచ్చిన పెద్దమనిషి అదొక్కటే చివరి దాకా చదివానన్నారు. ఇప్పుడు ఆ ల్యాబు ఆమె చేతిలో ఉంది. సందర్శకులకు కిటికీ అద్దం అవతల నుంచే చూపిస్తోంది.

నాగమణికి కీమో పూర్తయింది. మధ్యలో ఆగినందుకు వార్డు డాక్టరు బెంగపడుతూనే ఉన్నారు. నేనూ పడ్డాను. ప్రతి పరీక్షకూ ఆమె వచ్చినప్పుడు రిపోర్టు వచ్చేదాకా నాకు అన్నం సహించేది కాదు. ఇప్పటి వరకూ రిపోర్టులు బాగానే ఉన్నాయి. జుట్టు వచ్చింది, ముందుకంటే వంకీలు తిరిగి.

నేను రిటైరయ్యే నెలలో ఒకసారి వచ్చి కూర్చుంది. అరిటాకులో చుట్టిన కొర్రమీను ఒకటి నా బల్ల మీద పెట్టింది. కాసేపు చెరువు సంగతులు చెప్పి, లేచేముందు అడిగింది.

"అది ఇంకా ఉందాండి? నా గడ్డ."

"ఉందమ్మా. చలిలో దాచిపెట్టాం. కావాలంటే బయటకు తీసి మళ్ళీ పెంచవచ్చు."

"సచ్చిపోలేదా?"

"లేదు."

ఆమె తలుపు వంక చూసింది, ఆ తలుపు అవతల అది కూర్చుని వింటున్నట్టు. పారేయమంటుందనుకున్నాను. పారేయమంటే పారేసేదాన్ని కూడా, ఆ హక్కు ఆమెది.

"ఉంచండి. మీకు దేనికైనా పనికొత్తదేమో" అంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "ఎవరికీ చూపించకండి మటుకు."

ఆఖరి రోజున ల్యాబు తాళాలు సుగుణకు ఇచ్చాను. ఏది ఎలా చేయాలో ఆ పిల్లకు నేను చెప్పాల్సిన పని లేదు. నాగమణి గుమ్మంలో అన్న ఆ మాట ఒక్కటి చెప్పి, బస్సెక్కి ఇంటికి వచ్చేశాను.